వదిన ఫోల్డర్‌లో చెత్త

ఫోన్ ఎత్తగానే పెద్దాయన పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. "అమ్మాయ్, డిస్కు నిండిపోయిందట. పుస్తకం ప్రింటుకి పోవట్లేదు. ఉన్నపళంగా రా."

నాలుగైదు ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే మనిషిని నేను. వైరు ఊడినా నేనే, పాస్‌వర్డు మర్చిపోయినా నేనే, ఎలుక తీగ కొరికినా నేనే. అన్నిటికీ ఓర్చుకుంటాను గానీ, డిస్కు నిండిపోయింది అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. అది దానంతటది నిండదు. ఎవరో ఒకరు నింపుతారు. నింపినవాళ్లని అడిగితే నాకేం తెలుసు, నేనేం ముట్టుకోలేదు అంటారు. తిట్టుకుంటూనే బండి తీశాను.

అది చూపులేని పిల్లల కోసం బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసే చిన్న ప్రెస్సు. మామూలు పాఠ్యపుస్తకాన్ని కంప్యూటర్లో చుక్కల లిపిలోకి మారుస్తారు. తర్వాత మందపాటి కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా వచ్చేలా అచ్చేస్తారు. ఆ ప్రింటర్ నడుస్తుంటే పక్కమనిషి మాట వినబడదు. నేను వెళ్లేసరికి లోపల చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. పని గట్టిగానే ఆగిందని గుమ్మంలోనే అర్థమైంది.

ప్రెస్సు యజమానిని అందరూ పెద్దాయన అనే అంటారు. మంచివాడు. కానీ ఏదీ పారెయ్యలేని జబ్బు ఒకటుంది. చచ్చిపోయిన ప్రింటర్లన్నీ వరండాలో బారుగా కూర్చుని ఉంటాయి. ఏ తాళానివో తెలియని తాళంచెవులు ఒక డబ్బా నిండా ఉంటాయి. ఎప్పటివో క్యాలెండర్లు బీరువా మీద కట్టలు కట్టి ఉంటాయి. ఎందుకు సర్ ఇవి అని ఒకసారి అడిగితే, వెనకవైపు తెల్లగానే ఉంది కదమ్మా అన్నాడు.

అలాంటి మనిషి, నేనింకా కుర్చీలో సర్దుకోకముందే, "ఆ చెత్తంతా తీసి పారెయ్యి" అన్నాడు. నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను.

"ఎవరి చెత్త సర్?"

ఆయన ఒకసారి గుమ్మం వైపు చూశాడు. "మీ వదిన ఫోల్డర్‌లోదమ్మా."

వదినంటే మా అన్నయ్య భార్య. అక్కడ పుస్తకాల్ని చుక్కల్లోకి మార్చే ముగ్గురిలో ఒకరు. ఆ ఉద్యోగం చూసిపెట్టింది నేనే.

ప్రెస్సులో అందరి పుస్తకాలూ ఒకేచోట ఉంటాయి. గోడ మూలన గుర్రుమంటూ ఉండే నల్ల పెట్టె ఒకటుంది, అదే డిస్కు. ఎవరి కుర్చీలోంచి వాళ్లు ఆ పెట్టెలోని తమ ఫోల్డర్ తెరుచుకుని పనిచేస్తారు. నేను వదిన ఫోల్డర్ తెరిచాను. అందులో ఆవిడ పుస్తకం ఫైలు ఒక్కటే ఉంది. దాని చుట్టూ లెక్కలేనన్ని టెంప్ ఫైళ్లు. పేరు మొదట్లో ఒక వంకర గీత, మధ్యలో నోరు తిరగని అక్షరాలు, చివర టీఎంపీ అనే తోక. టెంప్ ఫైలంటే ప్రోగ్రాం తన అవసరానికి పుట్టించుకుని, అవసరం తీరాక తనే చెరిపేసుకునేది. పని అయ్యాక ఒక్కటి కూడా మిగలకూడదు. ఇక్కడ గుట్టలుగా పడున్నాయి.

మిగతావాళ్ల ఫోల్డర్లు చూశాను. వాటిలో టెంప్ అన్నది లేదు. అక్కడ వేరే రకం సంత. ఒక పుస్తకానికి "చివరిది", "కొత్త చివరిది", "ఇదే చివరిది", "అది కాదు ఇది" అని వరసగా ఫైళ్లు. పాతది ఎప్పటికైనా పనికొస్తుంది, దాన్ని అలాగే ఉంచి దిద్దినదాన్ని కొత్త పేరుతో దాచుకోండి అని పెద్దాయన అందరికీ నూరిపోశాడు. వదిన మాత్రం ఒక పుస్తకానికి ఒకటే ఫైలు, అందులోనే దిద్దు, అందులోనే సేవ్ కొట్టు అనే రకం. ఇంట్లో గరిటె కూడా ఆవిడ పెట్టిన చోటే ఉండాలి.

పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఇంకో మాటమ్మా. పొద్దున్న మీ వదిన ఉద్యోగం మానేస్తానంది. నేనూ వద్దనలేకపోయాను. మాస్టారు చెప్పిన తప్పులే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. దిద్దానంటుంది. అచ్చు తీసి చూస్తే ఎక్కడివక్కడే ఉంటున్నాయి. బళ్లు తెరిచే వేళకి పిల్లల చేతిలో పుస్తకం లేకపోతే ఎలా?"

మాస్టారు అక్కడ ప్రూఫులు చూసే ఆయన. పుట్టుకతోనే చూపు లేదు. కిటికీ పక్కన కూర్చుని అచ్చు కాగితాల మీద వేళ్లు నడుపుతూ, తప్పు తగిలినచోట ఆపి పిలుస్తాడు. ఒకరి మీద చాడీ చెప్పే మనిషి కాదు.

నేను లేచి వదినని వెతికాను. కాగితం కట్టలు పెట్టే గదిలో, ఒక కట్ట మీద కూర్చుని ఉంది.

"మానేస్తున్నావట?"

"చెప్పేశాడా పెద్దాయన?"

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేసింది. "మీ అన్నయ్యకి చెప్పనని ఒట్టెయ్యి."

"ముందు సంగతేంటో చెప్పు. ఒట్టు సంగతి తర్వాత చూద్దాం."

"నేను దిద్దుతున్నానే. ఒక్కో తప్పూ పట్టి పట్టి దిద్దుతున్నా. సాయంత్రం సేవ్ కొట్టి ఇంటికెళ్తున్నా. పొద్దున్న వచ్చి తెరిస్తే దిద్దినట్టే ఉండట్లేదు. మొదట్లో ఎవరో నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నా. తర్వాత మరీ కళ్లల్లో వత్తులేసుకుని చూసుకున్నా. అయినా అంతే." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, చేతులకి ఏమీ అంటకపోయినా. "మా అమ్మకి ఇలాగే మొదలైంది."

వదిన వాళ్లమ్మ, అంటే నాకు అత్తయ్య, చివరి రోజుల్లో అన్నయ్య వాళ్ల ఇంట్లోనే ఉండేది. మతిమరుపు ముదిరి మనుషుల్ని కూడా గుర్తుపట్టలేకపోయింది. కానీ మొదలైంది చిన్న చిన్నవాటితోనే. కూరలో ఉప్పు వేశానంటుంది, వేసి ఉండదు. తలుపు గడియ పెట్టానంటుంది, తలుపు బార్లా తెరిచి ఉంటుంది. లేదమ్మా, నువ్వు పెట్టలేదమ్మా అంటే, పెట్టానే, నేనే పెట్టానే అని చిన్నపిల్లలా ఏడ్చేది. అదంతా దగ్గరుండి చూసుకుంది వదినే.

"ఇంట్లో కూడా నేనిప్పుడు ఏదీ గట్టిగా చెప్పట్లేదు," అంది వదిన. "మీ అన్నయ్య గొడుగు కనబడక, నువ్వే ఎక్కడో పెట్టావు అంటే, నేనే అయ్యుంటానులెండి అన్నా. గ్యాస్ కట్టేశానో లేదో అని మెట్లు దిగినదాన్ని మళ్లీ ఎక్కి చూసొస్తున్నా. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే కాళ్లు రావట్లేదు. ఆ డాక్టర్ కూడా అవునంటే ఏం చెయ్యను?"

నాకు భయమేస్తే కోపం వస్తుంది. అది నా తీరు. "చాల్లే, లే. నా కళ్లముందు ఒకసారి చూద్దాం రా," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

ఆ పెట్టె పక్కనే ఉన్న కంప్యూటర్లో నా లాగిన్‌తో కూర్చున్నాను. ముందు దానికి ఊపిరాడేలా నా పాత బ్యాకప్పొకటి తీసేసి కాస్త జాగా చేశాను. వదిన పుస్తకానికి ఒక నకలు తీసి, వాళ్లు చుక్కల్లోకి మార్చే ప్రోగ్రాంలోనే తెరిచి, ఒక మాట మార్చి, సేవ్ కొట్టి, మూసేశాను. మళ్లీ తెరిచాను. మార్చిన మాట మార్చినట్టే ఉంది. ఇంకోసారి చేశాను. ఉంది. కేబులు మార్చి చేశాను, పెట్టె ఆపి మళ్లీ వేసి చేశాను. ప్రతిసారీ బుద్ధిగా నిలబడింది.

వదిన నా వెనకే నిలబడి అంతా చూసింది. "నీకు నిలుస్తోంది," అంది. "నాకే నిలవట్లేదు."

ఆవిడ ఏడ్చి ఉంటే బాగుండేది. మామూలుగా, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పి, తన బల్ల దగ్గరికెళ్లి సొరుగులోని సామాను సంచిలో సర్దుకోవడం మొదలుపెట్టింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణాన నేనూ నమ్మేశాను. అన్నయ్యకి ఎలా చెప్పాలా అని మనసులో మాటలు పేర్చుకుంటున్నాను.

"అయిందా అమ్మాయ్? తీసేశావా?" పక్కగదిలోంచి పెద్దాయన కేక.

"తీసేస్తున్నా సర్," అని వదిన ఫోల్డర్‌లోని టెంప్ ఫైళ్లన్నీ ఒక్కసారిగా ఎంచుకున్నాను. డిలీట్ మీద వేలు పెట్టాను కూడా. అప్పుడు పక్కన వాటి సైజులు కంటబడ్డాయి. మామూలుగా ఈ టెంపులు ఎండుటాకుల్లా తేలిగ్గా ఉంటాయి. ఇవి అలా లేవు. ఒక్కోటీ అచ్చంగా ఆ పుస్తకమంత లావున ఉంది. చెత్తకి ఇంత ఒళ్లేంటి అని నాకు చిరాకేసింది. తేదీలు చూశాను. వదిన పనిలో ఉన్న ప్రతిరోజూ పుట్టాయి. సెలవు రోజున ఒక్కటీ లేదు.

వేలు వెనక్కి తీసుకున్నాను. నిన్న సాయంత్రం అన్నిటికన్నా చివర పుట్టినదాన్ని నకలు తీసి, తోక కత్తిరించి, పుస్తకం ప్రోగ్రాంలో తెరిచాను. తెరుచుకుంది. చుక్కలూ, వాటి కింద మామూలు అక్షరాలూ, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పుస్తకం మొత్తం ఉంది.

మాస్టారి దగ్గరికి ఒక్క అంగలో వెళ్లాను. "మాస్టారూ, వదినకి మళ్లీ మళ్లీ చెప్పిన తప్పు ఏదైనా ఒకటి చెప్పండి."

"గుండె పాఠం తీసి చూడమ్మా," అన్నాడాయన. "గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లేవి ధమనులు. మన పుస్తకంలో సిరలు అని పడింది. ఎన్నిసార్లు చెప్పినా రక్తం వెనక్కే పోతోంది."

వదిన పుస్తకం ఫైల్లో చూశాను. సిరలు. టెంప్ ఫైల్లో చూశాను. ధమనులు.

దానికి ముందు రోజుది తెరిచాను. ధమనులు. అంతకు ముందుది తెరిచాను. ధమనులు. ఒకే తప్పుని ఆ మనిషి రోజూ పొద్దున్నే వచ్చి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, మళ్లీ కొత్తగా దిద్దుకుంటూ వచ్చింది. నాకు కళ్లు చెమర్చాయి, అంతలోనే ప్రాణం లేచొచ్చింది కూడా.

అయినా వెంటనే చెప్పలేదు. ఎందుకలా అవుతోందో తెలియకుండా చెబితే ఆవిడ నమ్మదు, నన్ను ఊరడిస్తున్నావు అంటుంది. వదిన బల్ల దగ్గరికెళ్లాను.

"ఒక్క నిమిషం లే వదినా. నీ కుర్చీలో నేను కూర్చోవాలి. నీ లాగిన్ ఉండనీ, మార్చకు."

ఈసారి ఆవిడ లాగిన్‌లోనే ఒక నకలు తెరిచి, ఒక మాట మార్చి, సేవ్ కొట్టాను. ప్రోగ్రాం కిక్కురుమనలేదు. అది ఏనాటిదో పాత ప్రోగ్రాం, ఇబ్బంది వచ్చినా నోరు తెరిచి చెప్పే అలవాటు దానికి లేదు. మూసి, మళ్లీ తెరిచాను. మార్చిన మాట లేదు. పాతదే ఉంది. పక్కన ఫోల్డర్‌లో అప్పుడే పుట్టిన టెంప్ ఫైలొకటి నిక్షేపంగా కూర్చుని ఉంది.

"చూశావా?" అన్నాను.

"నీకూ పోయింది," అంది వదిన.

అప్పుడు పెట్టె పర్మిషన్లు తీసి చూశాను. ప్రెస్సులో పనిచేసేవాళ్లెవరైనా ఫైలు చదవొచ్చు, కొత్తది పెట్టొచ్చు. చెరపడానికి మాత్రం ఒక్కరికీ అధికారం లేదు, నాకు తప్ప. చిక్కుముడి మొత్తం అక్కడే ఉంది. వదినని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. "ఈ ప్రోగ్రాం నువ్వు సేవ్ కొట్టగానే ఏం చేస్తుందంటే, దిద్దిన పుస్తకాన్ని ముందు ఒక దొంగపేరుతో రాసిపెడుతుంది. తర్వాత పాతదాన్ని చెరిపేసి, దాని పేరు కొత్తదానికి తగిలిస్తుంది. ఇక్కడ పాతదాన్ని చెరపబోతే పెట్టె కుదరదంది. ఇది ఆ మాట నీకు చెప్పకుండా, దిద్దినదాన్ని దొంగపేరుతోనే వదిలేసి చక్కా పోయింది. పొద్దున్న నువ్వొచ్చి తెరిచేది పాత పుస్తకాన్ని."

"మరి మిగతావాళ్లకి?"

"వాళ్లు ప్రతిసారీ కొత్త పేరు పెడతారుగా. చెరిపే పనే లేదు. నా లాగిన్‌కి చెరిపే అధికారం ఉంది, అందుకే నాకు నిలిచింది. ఈ ప్రెస్సు మొత్తంలో పద్ధతిగా పనిచేసేదానివి నువ్వొక్కదానివే. నీకే తగిలింది."

నిన్నటి ఫైలు ఆవిడ ముందు తెరిచి పెట్టాను. వదిన వేలితో తెర మీద వరస వెంట వరస చదువుకుంటూ పోయింది. గుండె పాఠం దాటింది, ఊపిరితిత్తులు దాటింది. "ఇది నేను దిద్దిందే," అంది. ఇంకో పేజీ తిప్పి, "ఇదీ నేనే," అంది.

"నీ బుర్రకేం కాలేదు వదినా. అది నిక్షేపంలా ఉంది."

ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను. తిట్టడం మొదలుపెట్టింది. ముందు ఆ ప్రోగ్రాంని, తర్వాత పెట్టెని, తర్వాత ఆ పెట్టె కొన్నవాళ్లని, ఇంత తెలిసినదానివి ముందే వచ్చి చూడలేదేమని నన్ను. తిట్లు అయిపోయాక గట్టిగా ఊపిరి తీసుకుని, "అయితే ఆ గొడుగు నేను పెట్టలేదు. ఆయనే ఎక్కడో పోగొట్టుకుని వచ్చాడు," అంది. మా వదిన మా వదినలా మాట్లాడి ఎన్నాళ్లయిందో నాకప్పుడు తెలిసింది.

తిట్లు విని పెద్దాయన వచ్చాడు. సంగతంతా చెప్పి, "ఎవరూ ఏదీ చెరపకుండా కట్టడి చేయించింది ఎవరు సర్?" అని అడిగాను.

"నేనే," అన్నాడు, కాస్త గర్వంగానే. "అంతకుముందు ఒకడు పొరపాటున పుస్తకం మొత్తం చెరిపేశాడు. అందుకే ఈ కొత్త పెట్టె బిగించడానికి కంపెనీ నుంచి వచ్చినతనితో గట్టిగా చెప్పా, ఎవడూ ఏదీ చెరపడానికి వీల్లేకుండా చెయ్యి అని."

"అతను మీరు చెప్పినట్టే చేశాడు సర్."

ఆయన మొహంలో గర్వం మెల్లగా దిగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని వదిన వైపు తిరిగాడు. "తప్పు నాదమ్మా. పొద్దున్న నువ్వు చెప్పిన మాట నేను వినలేదనుకుంటా. నువ్వు కూడా అనలేదనుకో," అన్నాడు.

"సరేనండి," అంది వదిన. సంచిలోంచి సామాను తీసి మళ్లీ సొరుగులో పెట్టుకుంది.

నేను వదినకి తన ఫోల్డర్‌లో చెరిపే అధికారం ఇచ్చి, తనచేతే మరోసారి దిద్దించి, సేవ్ కొట్టించి, తెరిపించాను. నిలిచింది. నిన్నటి టెంప్ ఫైల్లోని పుస్తకాన్ని అసలు పేరు మీదకి మార్చాను. మిగతా టెంపుల్ని పారెయ్యనా అని అడిగితే పెద్దాయన కంగారుపడ్డాడు, వద్దు వద్దు, ఎప్పటికైనా పనికొస్తాయి అని. ఆయన ఆ జబ్బుతో కట్టడి పెట్టబట్టే ఆ ఫైళ్లు మిగిలాయి కాబట్టి ఈసారికి నేనేమీ అనలేదు. అన్నీ వేరే డిస్కులోకి ఎక్కించి, పెట్టె ఖాళీ చేశాను. గుండె పాఠం వరకు అచ్చు తీయించి మాస్టారి చేతికిస్తే, ఆయన వేళ్లు నడిపి, "రక్తం దారిలో పడిందమ్మా," అన్నాడు.

ఇక పుస్తకం మొత్తం ప్రింటుకి ఇచ్చారు. ఆ చప్పుడుకి మాట వినబడక నేనూ వదినా బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా వీధిలో బళ్లు పోతున్నాయి. నాకు హాయిగా ఉంది. ఆవిడ మాత్రం ఏదో ఆలోచిస్తోంది.

"అమ్మ చేశానన్నప్పుడల్లా లేదమ్మా అనేదాన్ని," అంది కాసేపటికి. "ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు."

"అత్తయ్యది వేరు వదినా. అది నిజంగా జబ్బే."

"జబ్బే, తెలుసు. కానీ అన్నిసార్లూ చెయ్యకుండా ఉండదు కదా. ఎప్పుడో ఒకప్పుడు గడియ నిజంగానే పెట్టి ఉంటుంది. ఎవరూ నమ్మకపోతే ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలిసింది." కళ్లు తుడుచుకుంది. "నువ్వు నా మాట పట్టుకుని వెళ్లి చూశావు."

ఆ మెప్పు నాకు చెల్లదు. ఆవిడతో అబద్ధమాడబుద్ధి కాలేదు. "నీ మాట పట్టుకుని కాదు వదినా. పారెయ్యబోతుంటే సైజులు కంటబడ్డాయి. లేకపోతే పారేసేదాన్నే."

"ఏదైతేనేం, చూశావు," అంది. నా చేతిని తన ఒళ్లోకి లాక్కుంది. అప్పుడు నాకు దుఃఖం ఆగలేదు. వచ్చినప్పటి నుంచి పట్టి ఉంచిందంతా ఏడ్చేశాను. ఆవిడే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

తర్వాత ఫోన్ తీసి అన్నయ్యకి చేసింది.

"ఏవండీ, సాయంత్రం తొందరగా రండి. మీకొక సంగతి చెప్పాలి. భయపడకండి, మంచిదే. ఇన్నాళ్లూ మీకు చెప్పకుండా దాచాను, వచ్చాక తిడితే తిట్టండి. కాదు, ఫోన్లో చెప్పేది కాదు. మీరు కూర్చున్నాక మొదటి నుంచీ చెప్తాను."

అటువైపు అన్నయ్య ఏమన్నాడో నాకు సగమే వినబడింది. నువ్వసలే ఈ మధ్య అన్నీ మర్చిపోతున్నావు, అప్పటిదాకా గుర్తుంటుందా అని వేళాకోళం చేసినట్టున్నాడు.

వదిన ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. "గుర్తుంటుంది," అంది. "నాకన్నీ గుర్తున్నాయండీ."